కుట్టు

ఫారో దీవుల ఉత్తరపు కొసన, మా ఊళ్ళో
ఈ కథ మగవాళ్ళే చెప్తారు,
పడవలు ఒడ్డుకి లాగి, చేతులు కాచుకుంటూ.
"ఆ రోజు యోగ్వన్ తాళంచెవి ఇంట్లో మరిచిపోయాడు పాపం.
ఎంతైనా సీల్ జాతిది కదా, తోలు దొరకగానే
పిల్లల్ని పొయ్యి దగ్గరే వదిలేసి దూకేసింది."
పాపం అన్నది ఎవరినో గమనించండి.

ఆ పొయ్యి దగ్గర పిల్లల్లో పెద్దదాన్ని నేను.
సున్వా. అప్పటికి పద్నాలుగేళ్ళు.
మా నాన్న ఏదీ మరిచిపోడు.
ఎవరు ఎన్ని చేపలు బాకీయో,
అమ్మ ఏ రోజు కిటికీ దగ్గర ఎంతసేపు నిలబడిందో,
అన్నీ లెక్కే ఆయనకి.
తాళంచెవి చర్చికి వేసుకునే పంట్లాం జేబులో ఉండేది.
నేను తీశాను.

పెట్టె తెరిస్తే ముందు వాసన వచ్చింది.
ఉప్పూ, తారూ, ఎలకలూ.
పదిహేనేళ్ళు మడతపెట్టి ఉంచిన తోలు
మడతల దగ్గర ఎండుచేప తోకలా పెళుసెక్కింది.
ఎడమ డొక్కలో జానెడు ముక్క లేదు.
ఆ ముక్క నాకు తెలుసు.
నాన్న బూటు అడుగున రోజూ చూస్తున్నదే.

ఇది కథలో చెప్పరు.
ఇంకా చెప్పనిది:
నా వేళ్ళ మధ్య పలచటి పొర ఒకటి పెరుగుతుంది.
ప్రతి పుట్టినరోజుకీ నాయనమ్మ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని
గొర్రెల ఉన్ని కత్తిరించే కత్తెరతో దాన్ని కోసేది.
"నొప్పేం ఉండదే, గోళ్ళలాంటిదే" అనేది.
నొప్పి ఉండేది.
అయ్యాక చక్కెర ముక్క పెట్టేది.
నాయనమ్మ వేళ్ళ మధ్య కూడా తెల్లటి గీతలున్నాయని
చాలా ఆలస్యంగా చూశాను.

పదకొండు రాత్రులు పట్టింది.
ఆవుల కొట్టంలో, లాంతరు వెలుగు బయటికి పోకుండా గంప అడ్డం పెట్టి,
సముద్రపక్షి కొవ్వుతో తోలు రుద్దాను
అరచేతులు మంటలెత్తేదాకా.
అతుక్కి తోలు దొరకలేదు.
నా ఎర్ర స్వెట్టర్ చెయ్యి కత్తిరించి
వల బాగుచేసే సూదితో, వల బాగుచేసే ముడితో కుట్టాను.
ఆ ముడి నేర్పింది నాన్నే.
తడిస్తే బిగుస్తుంది, ఊడదు.

నాన్న పడవ మలుపు తిరిగేదాకా ఆగాను.
అమ్మ పిండి పిసుకుతోంది.
బల్ల మీద పెట్టాను.
ఏడుస్తుందనుకున్నాను. ముద్దు పెడుతుందనుకున్నాను.
అతుకు మీద బొటనవేలితో నొక్కింది,
రెండు వైపులా పట్టుకుని గట్టిగా లాగి చూసింది,
"కుట్టు బావుంది" అంది.
తమ్ముడికి కాలుతుందని పొయ్యి ఆర్పింది.
కత్తులన్నీ పై అరలో పెట్టింది.
కత్తెర మాత్రం తనతో తీసుకుపోయింది.

నన్ను రమ్మనలేదు.
చాలాకాలం దానికే కోపంగా ఉన్నాను.

ఇప్పుడు వలలు వేసేవాళ్ళు వింతగా చెప్పుకుంటారు,
రాతి దిబ్బల దగ్గర
డొక్కలో ఎర్ర ఉన్ని ఉన్న సీల్ ఒకటి తిరుగుతోందని,
ఈటె గురి ఎంత సరిగా చూసినా తప్పుతోందని.
ఆ మాట వస్తే నాన్న బూట్లు చూసుకుంటాడు.

నిన్న రాత్రి తూరిద్ వచ్చింది, గట్టు మీది ఇంటి పిల్ల.
వాళ్ళింట్లోనూ పెట్టె ఉందట.
వాళ్ళమ్మ దాని పక్కన నిద్రపోదట.
"ఏ ముడి వేశావు?" అని అడిగింది.
చెయ్యి చాపమన్నాను.
వేళ్ళ మధ్య కోత, ఇంకా పచ్చిగా ఉంది.

నా చేతులు చూపించాను.
రెండేళ్ళుగా ఎవరూ కొయ్యలేదు.
పొర మొదటి కణుపు దాటింది.
వేడినీళ్ళలో గిన్నెలు కడిగితే మండుతుంది,
సూది పట్టుకోవడమూ కష్టమే,
అలవాటవుతోంది.

"ముందు కొవ్వు తీసుకురా" అన్నాను.
"చాలా కావాలి."